గాయపడిన బిడ్డ లెక్క



పసిబిడ్డను పాడుచేసినవానికి జైలుశిక్ష పడెనని విన్నప్పుడు, "అట్టివానికి మన పన్నుల డబ్బుతో కూడు పెట్టుట ఎందుకు?" అని మన సంఘపు పెద్దలు అడుగుదురు. ఆ కోపము సహజమే. అయితే వాని కూడు మాన్పించినంత మాత్రమున బిడ్డ నోటికి ఒక ముద్దయైనను చేరదు. ఆ బిడ్డ భారమును ఎవరు మోయుచున్నారని అడుగువారు కొద్దిమందియే.

1874వ సంవత్సరమున న్యూయార్కు నగరములో, ఎట్టా వీలరు అను మెథడిస్టు సేవకురాలు బీదల ఇండ్లు దర్శించుచు, మేరీ ఎలెన్ అను పదేండ్ల పిల్ల సంగతి వినెను. పెంపుడుతల్లి ఆమెను ఇంచుమించు ప్రతిదినము కొరడాతో కొట్టుచు, గదిలో బంధించుచుండెను. వీలరమ్మ ఎందరినో అడిగినను సహాయము దొరకలేదు. తుదకు జంతుహింసను నివారించు సంఘమును స్థాపించిన హెన్రీ బెర్గును ఆశ్రయించెను. ఆయన పక్షమున న్యాయవాది గెర్రీ కోర్టును వేడుకొనగా, ఏప్రిల్ నెలలో ఆ పిల్లను కంబళిలో చుట్టి న్యాయాధిపతి యెదుటికి తెచ్చిరి. ఆమె ముఖముమీద కత్తెర గాటు ఉండెను.

పెంపుడుతల్లికి ఒక సంవత్సరము కఠినశిక్ష పడెను. ఆమె తిండికి, కాపలాకు ప్రభుత్వమున్నది. పిల్లనో, మొదట ఒక ఆశ్రమమునకు పంపిరి. అది చిన్నపిల్లకు తగిన చోటు కాదని వీలరమ్మ పట్టుబట్టి, ఆమెను తన తల్లియొద్దకు చేర్చెను. ఆ తల్లి చనిపోయిన పిమ్మట వీలరమ్మ తోబుట్టువు పెంచెను. మేరీ ఎలెన్ పెండ్లాడి, ఇద్దరు కుమార్తెలను కని, ఒక అనాథబాలికను సహా పెంచి, 1956లో కన్నుమూసెను. చెరసాల దెబ్బలను ఆపెను. బ్రతుకును నిలిపినది మాత్రము ఆ యింటి అన్నము. ఆ 1874 డిసెంబరులోనే పిల్లలపట్ల క్రూరత్వమును నివారించు సంఘము ఆ నగరమున వెలసెను.

గాయపరచినవాడు గాయపడినవాని పనిచెడిన దినములకు సొమ్మిచ్చి, వానిని బాగుచేయింపవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయము విధించుచున్నది. 1998లో మన సుప్రీంకోర్టు, ఖైదీల పనికి న్యాయమైన కూలి ఇయ్యవలెననియు, అందులో కొంత బాధితులకు చెందునట్లు రాష్ట్రములు చట్టము చేయవలెననియు చెప్పెను. పిల్లలను లైంగిక నేరములనుండి కాపాడుటకై 2012లో వచ్చిన పోక్సో చట్టము క్రింద, వ్యాజ్యము నడుచుచుండగానే ప్రత్యేక న్యాయస్థానము బిడ్డకు మధ్యంతర పరిహారము ఇప్పింపవచ్చును. నేరస్థుడు దొరకకపోయినను పరిహారమునకు త్రోవ యున్నది.

కాని ఫిర్యాదే లేనిచోట పరిహారమెక్కడిది? పరువు పోవునని రచ్చబండయొద్ద రాజీచేసి మూసివేసిన సంగతులు మన గ్రామములలో లేవా? అట్టి నేరము తెలిసియు తెలుపకుండుట ఆ చట్టము ప్రకారము శిక్షార్హము.

ఖైదీ కూటిఖర్చును లెక్కించుట తప్పు కాదు. అయితే ఆ లెక్కకు ముందు బిడ్డ పేరు వ్రాయుదము. మన వీధిలో అట్టి బిడ్డ యున్నచో, వీలరమ్మవలె మొదట తలుపు తట్టువారు మనమే కావలెను.