వాసిరెడ్డి వారసత్వ వ్యాజ్యం: జన్మహక్కు – మరణశాసనం

‘వీలునామా’ సంకరపదం. ఆంగ్లపు ‘విల్’, పారసీకపు ‘నామా’ కలిసి తెలుగులో ఒక్క మాటగా స్థిరపడ్డాయి. మాట పరాయిదైనట్లే భావన కూడా ఆంధ్రదేశపు ధర్మశాస్త్ర సంప్రదాయానికి కొత్తదే. పదమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ ద్వారా తెలుగులోకి తెచ్చిన మితాక్షర మతం ప్రకారం, పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే స్వత్వం కలుగుతుంది. ఒకసారి కలిగిన ఆ హక్కును తండ్రి చివరి మాట తుడిచివేయజాలదు.

ఈ సిద్ధాంతానికి గుంటూరు సీమలో గట్టి పరీక్ష వాసిరెడ్డి వ్యాజ్యం. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు పుత్రసంతానం లేక మొదట జగన్నాథబాబును, అతడు జీవించి ఉండగానే రామనాథబాబును దత్తు తీసుకున్నాడు. 1816లో వేంకటాద్రి మరణించాక వారసత్వం వివాదమైంది. ఇంతలో మద్రాసు ప్రభుత్వం 1829 నాటి అయిదవ రెగ్యులేషన్ ద్వారా, హిందువుల మరణశాసనాలు హిందూ ధర్మశాస్త్రానికి అనుగుణమైన మేరకే చెల్లుతాయని నిర్దేశించింది. వ్యాజ్యం సాగుతుండగానే 1832–33 నాటి నందన కరువు గుంటూరు పల్లెలను ఖాళీ చేసింది.

1846లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా జరిగిన రెండవ దత్తత చెల్లదు. పూర్వికుల ఆస్తిని అతని హక్కుకు భంగకరంగా పంచే అధికారం తండ్రికి లేదు. అప్పటికి గుంటూరు జమీందారీలు బకాయిల భారంతో కంపెనీ వశమవుతున్నాయి. హక్కు తేలేసరికి ఆస్తి కరిగిపోతున్నదన్నమాట. న్యాయగ్రంథాలలో ఈ తీర్పు వేంకటాద్రి పేరున గాక రంగమ్మ, అచ్చమ్మ అనే ఇద్దరు స్త్రీల పేర్లతో నిలిచింది.

తరువాతి చరిత్ర మరణశాసనం బలపడిన క్రమం. మగసంతానం లేని హిందువు వ్రాసిన మరణశాసనాన్ని 1856లో ప్రీవీ కౌన్సిల్ ఆమోదించింది. ఇద్దరు సాక్షుల సంతకాలు అవసరమన్న నియమం 1925 నాటి వారసత్వ చట్టంలో ఉంది. 1956 చట్టం ఉమ్మడి ఆస్తిలో తన వాటాను సైతం వీలునామాగా వ్రాసే స్వేచ్ఛనిచ్చింది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ కూతురికీ జన్మహక్కును విస్తరించింది.

కనుక నేడు పత్తి, మిరప పండే ఈ నేలలపై వీలునామాను సవాలు చేసేవారికి సంతకం నిజమా, సాక్షులు చూశారా అన్న ప్రశ్నలతో పాటు మరొక ప్రశ్న మిగులుతుంది: వ్రాసినవాడు వ్రాసినంతా అతని సొంతమేనా? వేంకటాద్రి వారసులు న్యాయస్థానాల ముందుంచిన ప్రశ్నకు మూలం ఇదే.