బర్మా తెలుగువారు

బర్మా తెలుగువారు అనగా ఆంధ్రతీరం నుండి బర్మాకు (నేటి మయన్మార్) వలసవెళ్ళి స్థిరపడిన తెలుగువారు, వారి సంతతి. వీరిలో అత్యధికులు హిందువులు. బౌద్ధులు అధికసంఖ్యాకులైన ఆ దేశంలో వీరు మతపరంగానూ, భాషాపరంగానూ అల్పసంఖ్యాకులు. 2014 జనగణన ప్రకారం మయన్మార్ జనాభాలో హిందువులు సుమారు 0.5 శాతం.

పూర్వ సంబంధాలు

మంగినపూడి సమీపంలోని మచిలీపట్నం రేవు 16, 17 శతాబ్దాలలో గోల్కొండ రాజ్యపు ప్రధాన ఓడరేవు. ఇక్కడినుండి నూలు వస్త్రాలు పెగూ, అరకాన్, తెనాసెరిం రేవులకు ఎగుమతి అయ్యేవి. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరుమీదుగా బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అని పిలిచేవారు.

వలసలు

1852లో దిగువ బర్మా బ్రిటిషువారి వశమైన తరువాత అక్కడ వరిసాగు విస్తరించింది. బియ్యపు మిల్లులకు, రంగూను రేవుకు కూలీల అవసరం పెరిగింది. మేస్త్రీలు బయానా సొమ్ము ఇచ్చి కూలీలను తీసుకువెళ్ళేవారు. ఆ అప్పు తీరేవరకు కూలీ మేస్త్రీ చేతిలోనే ఉండేవాడు. విశాఖపట్నం, కాకినాడల నుండి స్టీమర్లు నడిచేవి. చాలామంది కొన్నేళ్ళు పనిచేసి స్వగ్రామాలకు తిరిగివచ్చేవారు. 1931 నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉండగా, రంగూను జనాభాలో వారు సగానికి మించి ఉండేవారు.

ఘర్షణలు, తిరుగు ప్రయాణం

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలిరేట్ల పెంపు కోరుతూ సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను నియమించి, సమ్మె ముగియగానే వారిని తొలగించారు. దీనితో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. మృతులలో అధికులు భారతీయులు. 1938లో మరల అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. 1942లో లక్షలాది భారతీయులు బర్మాను విడిచారు. ఓడలలో చోటు దొరకనివారు అరకాన్, మణిపూర్ కొండదారులలో కాలినడకన బయలుదేరగా, ఆకలితోను, వ్యాధులతోను వేలాదిమంది మరణించారు.

1962లో సైనిక ప్రభుత్వం ఏర్పడి, వ్యాపారాలను జాతీయం చేయడంతో మరల వలస మొదలైనది. ఇలా తిరిగివచ్చిన కాందిశీకులకు విశాఖపట్నంలో కేటాయించిన ప్రాంతమే బర్మా క్యాంపు.

పౌరసత్వం, సంస్కృతి

1982 పౌరసత్వ చట్టం 1823కు పూర్వమే బర్మాలో స్థిరపడిన జాతులను మాత్రమే స్థానిక జాతులుగా గుర్తించింది. తెలుగువారి వలస అధికభాగం ఆ తరువాతదే కావడం వలన, అనేకులకు పూర్తి పౌరసత్వం పొందడం కష్టమైనది. పాఠశాలలలో బోధన బర్మీస్ భాషలో జరుగుతుంది కాబట్టి, తెలుగు ప్రధానంగా ఇంటిభాషగానే నిలిచినది. రామాలయాలు, అమ్మవారి గుడులు, ఉగాది, సంక్రాంతి పండుగలు వీరి సామాజిక జీవనానికి ఆధారాలు.