తాడిచెట్టు తాత: ఒక పొణికి బొమ్మ చరిత్ర



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయడానికి పండితులున్నారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా ఫైళ్ళు కట్టిన గుమాస్తాను. ఒక వస్తువు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతికి వచ్చింది, ఇప్పుడు ఎవరి చార్జిలో ఉంది అని వరుసగా నోటు రాయడం మాత్రం నాకు తెలుసు. అందుచేత మా ఇంట్లో అరవై ఏళ్ళు దాటి ఉంటున్న ఒక కొండపల్లి బొమ్మ చరిత్ర రాసి పంపుతున్నాను.

బొమ్మ జానెడు ఎత్తు. ఒక తాడిచెట్టు, దాన్ని కరుచుకుని కల్లు గీసే మనిషి. నడుము చుట్టూ మోకు, పక్కన చిన్న లొట్టి. మా ఇంట్లో దాని పేరు ‘తాడిచెట్టు తాత’.

ఆరణాల బేరం

అది 1957, హేవిళంబి నామ సంవత్సరం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత వచ్చిన మొదటి శ్రీరామనవమి. నాకు ఏడేళ్ళు. మా నాన్నగారు పాల్వంచ వైపు అడవి అంచున ఒక పల్లెలో బడిపంతులు. బూర్గంపాడు దాకా ఎడ్లబండి, ఆపైన గోదావరి మీద పడవ. భద్రాచలం దగ్గర వంతెన 1965లో గాని రాలేదు.

ఏరు దాటితే అప్పటికి జిల్లా మారిపోయేది. నైజాం ప్రభువు 1860లో ఇంగ్లీషువారికి ఇచ్చిన ఆ ఒడ్డు 1874లో గోదావరి జిల్లాలో చేరింది. మా తాతగారి కాలంలో ఈ ఒడ్డున హాలీ సిక్కా, ఆ ఒడ్డున కల్దారు రూపాయి. రామయ్యను చూడటానికి పోయేవాళ్ళు రెండు రకాల డబ్బులు మూట కట్టుకుని పోయేవారట. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో ఆ జిల్లాలో కలిశాయి. అంటే మా బొమ్మ కొన్న నాటికి భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది.

తిరునాళ్ళలో బొమ్మల దుకాణం ముందు నేను కదలనన్నాను. అంబారీ ఏనుగు, దశావతారాలు అన్నీ ఉన్నాయి. నా కన్ను మాత్రం కల్లు గీసే తాత మీద పడింది. మా ఊళ్ళో ఎండాకాలం నాకు తాటిముంజలు కొట్టి పెట్టే తాత అచ్చం అట్లాగే ఉండేవాడు.

ధర ఆరణాలన్నాడు. నయాపైసలు వచ్చింది ఆ ఏప్రిల్ 1ననే. అంటే పది రోజులైనా కాలేదు. ఆరణాలంటే ముప్పయ్యేడున్నర నయాపైసలు. అరపైసా నాణెం లేదు. నాన్నగారు లెక్కల మనిషి, దుకాణదారు అంతకన్నా లెక్కల మనిషి. చుట్టూ నలుగురు చేరి ఎవరికి తోచిన తీర్పు వాళ్ళు చెప్పారు. చివరికి దుకాణదారే, “ఆ అరపైసా రాములవారి హుండీలో వేశాననుకుంటాను, తీసుకుపోండి పంతులుగారూ” అన్నాడు. ఆ మాట మా నాన్నగారు చాలా ఏళ్ళు చెప్పి నవ్వేవారు.

బొమ్మ పుట్టిల్లు

మన ఖమ్మం, మధిర మీదుగా బెజవాడ పోయే రైలు కొండపల్లి మీదుగానే పోతుంది. రెడ్డిరాజుల కాలం నాటి కోట ఉన్న కొండ, దాని కింద ఊరు, ఆ ఊళ్ళో బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు. తమ పూర్వులు కొన్ని వందల ఏళ్ళ కిందట రాజస్థాన్ వైపు నుంచి వచ్చారని, తమ విద్యకు మూలపురుషుడు ముక్తఋషి అని వారు చెప్పుకుంటారు.

ఈ బొమ్మకు కర్ర తెల్ల పొణికి. చాలా తేలిక, మెత్తన. ఉలికి ఎట్లా తిప్పితే అట్లా తిరుగుతుంది. కర్రను బాగా ఎండబెట్టి, సన్నని సెగ మీద వేడి చేసి లోపలి తడి పోగొడతారు. తర్వాత ఒంటికర్రగా కాకుండా తల, చేతులు, మొండెం వేరువేరుగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, నునుపు చేసి, సున్నం పూత పూసి, ఆపైన రంగులు దిద్దుతారు. చెక్కడం ఎక్కువగా మగవారి పని; రంగులు వేయడంలో ఆడవారిది పెద్ద చేయి. ఒక్క బొమ్మ వెనుక ఒక ఇల్లంతా ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ముక్కలుగా చేసి అతికిన బొమ్మ గనుక, విరిగినా మళ్ళీ అతుకుతుంది. ప్లాస్టిక్ బొమ్మ పగిలితే చెత్తకుండీకే పోతుంది.

అమ్మ వేసిన అతుకు

మా అమ్మ పుట్టిల్లు మధిర దగ్గర. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం ఆమెతోపాటు మా అడవి పల్లెకు వచ్చింది. కొలువులో తాడిచెట్టు తాతకు మూడో మెట్టు మీద స్థానం. చూడటానికి వచ్చిన కోయ పిల్లలు దేవుళ్ళను దాటుకుని ముందుగా తాత దగ్గరికే వచ్చేవారు. “వీడు దిగడా?” అని ఒక పిల్ల అడిగింది. “పొద్దు గూకినంక దిగుతాడు” అని అమ్మ జవాబు.

నా పదో ఏట తాత చేయి ఊడింది. అమ్మ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, విసిరి, ఆ పిండిని ఉడికించి జిగురు చేసింది. చేయి అతికి దారంతో కట్టి రెండు రోజులు నీడలో ఉంచింది. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావంటే, వాళ్ళమ్మ దగ్గర అని చెప్పింది.

డెబ్బయి అయిదు అడుగుల ఆరంగుళాల పైమాట

1986 ఆగస్టు వరదలు మన సభ్యుల్లో చాలామందికి గుర్తే. భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, మూడోది 53 అడుగులు. ఆగస్టు 16న నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో వచ్చిన పెద్ద వరద 71.3 అడుగుల దగ్గర ఆగింది. ఈనాటికీ 1986నాటి అంకెదే రికార్డు.

అప్పుడు నా ఉద్యోగం భద్రాచలంలోనే. లోతట్టున ఒక పెంకుటింట్లో అద్దెకున్నాం. అమ్మ, ఇద్దరు పిల్లలు, బియ్యం మూట, సర్టిఫికెట్ల సంచి. మా ఇద్దరి చేతులు అంతవరకే సరిపోయాయి. మెట్ట మీదికి చేరాం. నీళ్ళు తీసి తిరిగి వచ్చేసరికి ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. ట్రంకు పెట్టెలో బట్టలు, నాన్నగారి పుస్తకాలు, పెళ్ళి ఫోటోలు ముద్దయిపోయాయి. నాన్నగారు కాలం చేసి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన చేతిరాత ఉన్న కాగితం ఒక్కటీ మిగల్లేదు.

అల్మారా పైన తాడిచెట్టు కనిపించింది. పొణికి తేలిక గదా, నీళ్ళతోపాటు పైకి లేచి, నీళ్ళు తీస్తుంటే అక్కడ ఆగింది. చెట్టు ఉంది, తాత లేడు. చింతగింజ జిగురు నానితే విడిపోతుంది. నాలుగో రోజున పెరట్లో ఒండ్రు తోడుతుంటే ఎనిమిదేళ్ళ మా అమ్మాయికి తాత దొరికాడు. రంగంతా పోయింది. తెల్లటి కర్ర మాత్రం మిగిలింది.

అమ్మ మళ్ళీ చింతగింజలు వేయించింది. ఈసారి విసిరింది మా అమ్మాయి. తాత మళ్ళీ చెట్టెక్కాడు. రంగు వేయిస్తానని నేనంటే, “వద్దురా నాయనా. మీ నాయన కొన్నదాంట్లో ఇదొక్కటే దక్కింది. గోదారి ఎట్లా ఇచ్చిందో అట్లాగే ఉండనీ” అన్నది. ఆ మాట తర్వాత ఎవరూ రంగు ఊసెత్తలేదు.

రిటైరైన తర్వాత ఒకసారి బొమ్మను వెంటబెట్టుకుని కొండపల్లి వెళ్ళాను. పని చేస్తున్న పెద్దాయన దాన్ని అరచేతిలో ఎత్తి చూసి, “పొణికే” అన్నాడు. అతుకుల మీద వేలు పెట్టి, “ఇవి మావాళ్ళ చేతివి కావు. పద్ధతి మాత్రం మాదే. ఎవరు వేశారు?” అని అడిగాడు. మా అమ్మ అని చెప్పాను. అప్పటికి ఆమె లేదు. ఆ పెద్దాయన బొమ్మను రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు.

చెట్టు సంగతి

బొమ్మ మిగిలింది గాని, చెట్టు కరువవుతున్నది. పొణికి దక్కను మెట్ట అడవుల చెట్టు, తొందరగా ఎదగదు. నిర్మల్ బొమ్మలకూ ఇదే కర్ర. తరతరాలుగా నరకడమే గాని నాటడం తక్కువ కావడంతో కొండపల్లివారు కర్ర కోసం దూరం పోవలసి వస్తున్నది. మొక్కలు నాటే ప్రయత్నాలు జరిగాయి. చెట్టయ్యేదాకా కాపాడటం అసలు పని.

ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేస్తారు. అక్కడ సి.వి.రాజుగారు సహజమైన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి. జర్మనీలో సైఫెన్ అనే కొండ ఊళ్ళో గనులు తరిగిపోయాక కార్మికులు చెక్క బొమ్మల పనిలోకి దిగి బతికారు. ఆ ఊళ్ళో నేడు బొమ్మల మ్యూజియమే ఉంది. మన సింగరేణి ప్రాంతంవారు ఆలోచించదగిన విషయమిది.

మా బొమ్మ కొన్న ఊరు 2014 నుంచి తెలంగాణలో, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. పుట్టిన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పుట్టిల్లొక రాష్ట్రం, మెట్టినిల్లొక రాష్ట్రం. ఆడపిల్లలకిది కొత్తేమీ కాదు, రాకపోకలుంటే చాలు.

సభ్యులకు నా మనవి రెండు మాటలు. మీ అటకల మీద పాత బొమ్మలుంటే దించండి. ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎంతకు, ఎవరు అతికారు అన్నది ఒక చీటీ మీద రాసి దాని కింద అంటించండి. ఆ సంగతులు తెలిసినవాళ్ళం మనమే, మన తర్వాత అడిగినా చెప్పేవారుండరు. రెండోది, మనవలకు బొమ్మ కొనేటప్పుడు ఏడాదికొక్కటైనా కర్రబొమ్మ కొనండి. చింతగింజల జిగురు ఎట్లా కాయాలో కూడా నేర్పండి.

ప్రస్తుతం తాడిచెట్టు తాత మా మనవరాలి చార్జిలో ఉన్నాడు. చీటీ అంటించడం పూర్తయింది. దాని మీద అమ్మ పేరు కూడా రాశాను.