వెచ్చటి ఇంజన్

మదనపల్లె టమోటా మార్కెట్ లారీల మధ్య నుంచి బయటపడుతూనే మెకానిక్ అన్న ఫోన్ తీశాడు. "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దప్పా."

పుంగనూరు దాటాక మామిడి తోట. చెట్టు కింద ట్రాక్టరు. ముందు లోడర్, వెనక తవ్వే చెయ్యి. కంపెనీ ఏదైనా ఇక్కడ అందరికీ ఇది జేసీబీనే. అది జోసెఫ్ సిరిల్ బాంఫోర్డ్ అనే ఇంగ్లండు ఆయన పేరులోని పొడి అక్షరాలని తవ్వించుకునేవాళ్లకు ఎందుకు?

కొత్త పెయింట్ నిగనిగలాడుతోంది. కొనడానికి కుప్పం నుంచి వచ్చిన తమ్ముడి మొహం వెలిగింది. అన్న ఇంజన్ మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

"పొద్దున్నే ఎవరో తిప్పినారు. చల్లారనీ."

బకెట్లు రెండూ నేల మీద ఉన్నాయో లేదో చూసుకుని, గోనెపట్ట పరిచి కిందికి దూరాడు. పక్కనే నేనూ. మట్టి, పాత ఆయిలు కలిసిన వాసన. ట్రాక్టరుకు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఒకదానికొకటి బోల్టులతో బిగించిందే దాని వెన్నెముక. దున్నడానికి పుట్టిన వెన్ను అది. ముందొక బరువు, వెనకొక బరువు తగిలిస్తే తవ్వే ప్రతి కుదుపూ ఆ బోల్టుల మీదికే వస్తుంది. ఆ భారం మోయడానికే సబ్‌ఫ్రేమ్. దీనికి ఉంది. కానీ టార్చి వెలుగులో ఎడమ పక్క వెల్డింగ్ మీద వెల్డింగ్, దాని అంచున వెంట్రుకంత బీట. పెయింట్ వేసింది అక్కడే ఎక్కువ మందంగా.

అవర్ మీటర్ 3,200 దగ్గర ఆగింది. క్లచ్ పెడల్ మాత్రం అరిగి ఇనుము మెరుస్తోంది. నేను పెడల్నే నమ్ముతాను.

ఎండ ఎక్కాక, ఇంజన్ చల్లబడ్డాక తాళం తిప్పాడు. మూడోసారికి అందుకుంది. నీలి పొగ. వేడెక్కినా తగ్గలేదంటే లోపల ఆయిలు కాలుతోంది. చెయ్యి పైకెత్తించి, ఇంజన్ ఆపించి, అందరినీ దూరంగా నిలబెట్టాడు. ఐదు నిమిషాల్లో చెయ్యి జానెడు దిగింది. సీళ్లో, వాల్వో పోయినట్టే. పిన్నుల దగ్గర కడ్డీతో ఊపితే టక్ టక్.

అడిగింది ఐదు లక్షలు. అన్న చీటీ మీద ట్రాక్టరుకు ఒక ధర, అటాచ్‌మెంటుకు ఒక ధర వేసి, ఇంజన్ పని, సీళ్లు, బుష్షులు, ముందు టైర్లు ఒక్కొక్కటీ తీసేశాడు. మూడు డెబ్బై మిగిలింది.

"బీట మాటేమిటన్నా?"

"మెత్తటి చెరువు మట్టికైతే ఈ ధర. మీ కుప్పంలో మట్టి కింద బండ. అక్కడికైతే వద్దు నాయనా."

ఆర్సీ చూస్తే ఫైనాన్స్ పేరు ఇంకా కొట్టేయలేదు. లోడర్ తగిలించిన సంగతి అందులో ఎక్కనే లేదు.

తమ్ముడు అడ్వాన్స్ కట్ట తిరిగి జేబులో పెట్టుకుని పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాడు. మీరూ చూడబోతే ఒక పాత గోనెపట్ట తీసుకెళ్లండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు కొట్టేయించే ఫారం 35 మీద వాళ్ల సంతకం పడేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.