పంటిమీద నీటి వ్రాత

పార్వతీపురమునకు కొండలనుండి చదువుకొన వచ్చు విద్యార్థులలో ఇప్పటికిని వేపపుల్లతోనో కానుగపుల్లతోనో పండ్లు తోముకొనువారు కలరు. పుల్ల కొనను నమలి కుంచెగా చేసికొనుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన అలవాటు. చేదు పుల్లలలో వేప, వగరు వానిలో చండ్ర, కారపు వానిలో కానుగ శ్రేష్ఠమని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. అలవాటు మంచిదే. కాని దానితోపాటు మన మనస్సులలో ఒక నమ్మకము కూడ నాటుకొన్నది: పండ్లు తెల్లగా ఉన్నవాడు శుభ్రముగా తోముకొనువాడు, మచ్చలున్నవాడు సోమరి. ఈ నమ్మకము ఎంత తప్పు కాగలదో నేను తరగతిగదిలోనే నేర్చుకొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఒక విద్యార్థి నవ్వు వచ్చినప్పుడెల్ల నోటికి చేయి అడ్డము పెట్టుకొనెడివాడు. అతని ముందరి పండ్లపై సుద్దవంటి తెల్లని చారలు, వాని నడుమ గోధుమరంగు మచ్చలు ఉండెను. ఒకనాడు శుభ్రతను గూర్చి చెప్పుచు నేను అతనివంక చూచి, "పొద్దున పండ్లు తోముకొనుటకు అయిదు నిమిషములు చాలును" అంటిని. తరగతి నవ్వెను. తరువాత అతడు ఒంటరిగా వచ్చి, "రెండు పూటలా తోముకుంటానండి. మాది కనిగిరి దగ్గర. నాన్నగారికి ఇక్కడ ఉద్యోగమని వచ్చామండి. మా ఊళ్ళో అందరి పండ్లూ ఇంతేనండి" అనెను. సైన్సు చదివిన నేను ఆ మాటకు సిగ్గుపడితిని. అతని పండ్లపైనున్నది మురికి కాదు. అతడు చిన్ననాడు త్రాగిన నీరు వ్రాసిపోయిన వ్రాత. ఆ వ్రాతను చదువుట శాస్త్రజ్ఞులు ఎట్లు నేర్చుకొనిరో చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా పన్ను ఎట్లు తయారగునో చూతము. పంటిపైనుండు పింగాణి పొర మన శరీరములో అన్నిటికంటె గట్టి పదార్థము. దవడ ఎముకలో పన్ను దాగియుండగనే కొన్ని ప్రత్యేక కణములు ఈ పొరను కట్టును. పని ముగియగానే ఆ కణములు నశించును. చర్మము గీచుకొన్నచో మానును, ఎముక విరిగినచో అతుకుకొనును. పింగాణి పొర మాత్రము మరల పుట్టదు. శాశ్వత దంతములలో మొదటి వానికి ఈ పొర కట్టుట బిడ్డ పుట్టిన కాలముననే మొదలగును. జ్ఞానదంతములు తప్ప తక్కిన వాని పైభాగములన్నియు సుమారు 8 సంవత్సరముల వయస్సునకు పూర్తియగును. కావున ఆ లోపల శరీరమునకు కలిగిన కష్టసుఖములు కొన్ని పంటిపై శాశ్వతముగా నిలిచిపోవును.

ఈ విషయము బయటపడుటకు మొదటి ఆధారము అమెరికాలో దొరికెను. 1901లో ఫ్రెడరిక్ మెకే అను యువ దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ అను పట్టణమునకు వచ్చెను. అక్కడ పుట్టి పెరిగినవారిలో అనేకుల పండ్లపై గోధుమరంగు మచ్చలుండుట చూచి ఆశ్చర్యపడెను. వైద్య గ్రంథములలో వాని ప్రసక్తి అతనికి కనబడలేదు. 1909లో ప్రసిద్ధ దంతశాస్త్రజ్ఞుడు జి. వి. బ్లాక్ వచ్చి అతనితో కలిసి పరిశోధించెను. వారికి రెండు సంగతులు తెలిసెను. పెద్దవారైన తరువాత ఆ ఊరు వచ్చినవారికి మచ్చలు రావు. చిన్ననాటినుండి అక్కడ ఉన్నవారికే వచ్చును. మచ్చలున్న పండ్లు పుచ్చిపోవుట మాత్రము తక్కువ.

1923లో మెకే ఐడహో రాష్ట్రములోని ఓక్లీ అను ఊరికి వెళ్లెను. దూరముననున్న వేడినీటి ఊటనుండి గొట్టములద్వారా నీరు తెచ్చుకొన్నది మొదలు పిల్లల పండ్లు పాడగుచున్నవని అక్కడి తలిదండ్రులే గమనించిరి. మెకే ఆ నీటిని పరీక్షింపగా దోషమేమియు కనబడలేదు. అయినను ఆ నీటిని మానుడని ఆయన సలహా చెప్పెను. వారు వేరొక ఊట నీరు తెచ్చుకొనిరి. కొన్ని ఏండ్లకు చిన్నపిల్లలకు మచ్చలులేని పండ్లు వచ్చెను. కారణము తెలియకముందే నివారణ దొరికెనన్నమాట!

కారణము 1931లో తెలిసెను. ఆర్కెన్సాలో బాక్సైట్ అను పేరుగల ఊరిలో అల్యూమినియము కంపెనీ ఉండెను. అక్కడి పిల్లల పండ్లకును మచ్చలే. నింద అల్యూమినియముపై పడునేమో అని కంపెనీ రసాయనజ్ఞుడు చర్చిల్ ఆ ఊరి నీటిని వర్ణపటముద్వారా పరీక్షించెను. లీటరుకు సుమారు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడు కనబడెను! అదే సంవత్సరము ఆరిజోనాలో మార్గరెట్ స్మిత్ మున్నగువారు ఎలుకలపై చేసిన ప్రయోగములవలన ఇదే నిర్ణయమునకు వచ్చిరి. పింగాణి పొరను కట్టు కణములకు ఫ్లోరైడు అధికమైనచో పని చెడును. పొరలో సూక్ష్మమైన రంధ్రములు మిగులును. అందుచేత పన్ను సుద్దవలె తెల్లబారును. పన్ను బయటికి వచ్చిన తరువాత ఆ రంధ్రములలో రంగు చేరి గోధుమ మచ్చలగును. ఎంత తోమినను అవి పోవు.

ఇక మన ఆంధ్రదేశమునకు వత్తము. ఆ కాలమున దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఉండెను. 1970లో అవి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరెను. వర్షము తక్కువ, బావి నీరే ఆధారము. అక్కడి పిల్లల పండ్లకు మచ్చలు. పెద్దవారిలో కొందరికి వెన్నెముక బిగిసిపోయి వంగుటకు వీలులేకుండెను, కీళ్లు కదలకుండెను. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు హెచ్. ఇ. షార్ట్, ఆయన సహచరులు ఈ జబ్బును పరిశోధించి, ఇది నీటిలోని ఫ్లోరైడు వలన కలిగినదని 1937లో ప్రకటించిరి. మన దేశమున ఎముకల ఫ్లోరోసిస్ మొదట వర్ణింపబడినది ఇక్కడనే. 1940లో సి. జి. పండిట్ మున్నగువారు పిల్లల పండ్ల మచ్చలకును, పెద్దల ఎముకల జబ్బునకును తోడ్పడు కారణములను పరిశీలించి మరియొక వ్యాసము ప్రకటించిరి.

పై కథలో మనము గుర్తింపవలసిన ముఖ్యాంశము ఒకటి కలదు. ఎముకల జబ్బు పైకి కనబడుటకు అనేక సంవత్సరములు పట్టును. పండ్ల మచ్చలు 6, 7 ఏండ్ల బిడ్డ కొత్త పండ్లలోనే కనబడును. అనగా పిల్లల పండ్లు ఆ ఊరి పెద్దలకు ముందుగా వచ్చిన హెచ్చరిక. దానిని మురికి అనుకొన్న ఊరు హెచ్చరికను పోగొట్టుకొన్నట్లే.

నల్లగొండ జిల్లా చరిత్ర దీనికి సాక్ష్యము. అక్కడి ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అనువారు ఫ్లోరైడు ప్రాంతములలో ఎదుగు వయస్సు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగిపోవుటను వర్ణించిరి. ఆ జిల్లా పేరు ఒక నివారణ పద్ధతికి కూడ నిలిచినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిన "నల్లగొండ పద్ధతి"లో నీటికి సున్నము, పటిక, బ్లీచింగ్ పొడి తగిన పాళ్లలో కలిపి త్రిప్పుదురు. తేలిన తెట్టు ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పై నీటిని వాడుకొందురు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ బోరునీటికి బదులు నదీజలములను ఊళ్లకు చేర్చెను. ఓక్లీ ప్రజలు చేసినదియు ఇదియే: చెడ్డ నీటిని విడిచి మంచి నీటిని తెచ్చుకొనుట.

ఫ్లోరైడు పూర్తిగా చెడ్డదని మాత్రము అనుకొనరాదు. లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఉన్నచో అది పంటి ఖనిజమును ఆమ్లమునకు తట్టుకొనునట్లు చేయును; మచ్చలున్న పండ్లు తక్కువగా పుచ్చుటకు కారణము ఇదే. అందుచేతనే టూత్‌పేస్టులలో దానిని కలుపుదురు. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రాము. వేరొక నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకొందురు. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత పేస్టు, ఆరేండ్లవరకు బఠాణిగింజంత చాలును, దానిని మ్రింగనీయరాదు.

వంకర పండ్లను తీగలతో సరిచేయవచ్చును. పుచ్చిన పంటిని శుభ్రపరచి పూడ్చవచ్చును. ఫ్లోరోసిస్ మచ్చలను కూడ వైద్యులు కొంతవరకు తేటపరచగలరు, పైపూతతో కప్పగలరు. కాని కట్టునప్పుడు చెడిన పొర మరల కట్టబడదు. అట్టి పండ్లకు తీగల బిళ్లలను అంటించుట కూడ కష్టతరమే. కావున ఈ ఒక్క విషయములో అసలైన వైద్యము మొదటి ఎనిమిది ఏండ్లలో బిడ్డ త్రాగు నీటిలోనే కలదు.

మా ప్రాంతమున అనేక కొండ ఊళ్లు గెడ్డల నీటితోను, ఊటల నీటితోను పెరిగినవి. ఆ నీటిలో రోగక్రిములు చేరు ప్రమాదము కలదు కనుక బోరుబావులు త్రవ్వుట సహజము. అయితే లోతున రాళ్ల నడుమ చిరకాలము నిలిచిన నీరు ఆ రాళ్లలోని ఫ్లోరైడును కరిగించుకొనవచ్చును. కంటికిగాని నాలుకకుగాని అది తెలియదు. కాచినను పోదు, నీరు ఆవిరియైన కొద్ది చిక్కనగును. కావున కొత్త బోరు వేసినప్పుడు ఆ నీటిని పరీక్షింపించుట అవసరము. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలు అందులకే ఉన్నవి.

ఉపాధ్యాయులు చేయగలిగినది మరియొకటి కలదు. ఒకే ఊరినుండి వచ్చు పిల్లలలో పలువురి ముందరి పండ్లపై, కుడి ఎడమల సమానముగా, అడ్డచారలో మచ్చలో కనబడినచో వారిని తిట్టవద్దు. ఊరి పేరు, త్రాగు నీటి వివరము ఒక కాగితముపై వ్రాసి అధికారులకు పంపుడు. ఆ పిల్లల పండ్ల వ్రాత మారకపోవచ్చును. వారి తమ్ముళ్ల, చెల్లెళ్ల పండ్లు ఇంకను దవడలో తయారగుచునే యున్నవి.

మరునాడు నేను తరగతిలో అందరియెదుట ఆ విద్యార్థిని క్షమాపణ కోరి, నెల్లూరు తాలూకాల కథ చెప్పితిని. చివర అతడు ఒక ప్రశ్న అడిగెను: "మరి మన హాస్టలు బోరు నీళ్లు ఎవరైనా పరీక్ష చేశారాండి?" నాకు సమాధానము తెలియలేదు. ఆ వారమే ఒక సీసాలో ఆ నీటిని నింపి ప్రయోగశాలకు పంపితిమి.