గాలికి తగ్గ నిప్పు

1930 జూన్ 21. ఫ్రాన్స్‌లోని లే మాన్‌లో 24 గంటల పందెం మొదలైంది. ముల్సాన్ వైపు వెళ్లే పొడవాటి తిన్నని దారిలో జర్మన్ రేసర్ రుడాల్ఫ్ కరచ్చియోలా మెర్సిడెస్‌ను దాటాలి. చోటు లేదు. సర్ హెన్రీ ‘టిమ్’ బర్కిన్ తన బెంట్లీ రెండు చక్రాలను గడ్డిలోకి దించి మరీ దాటేశాడు.

ఆ బెంట్లీ ముక్కు కింద పెద్ద లోహపు డబ్బా ఒకటి ఉండేది. అదే సూపర్‌చార్జర్, వాళ్ల మాటలో బ్లోవర్. దాని మూలం కొలిమి తిత్తికి దగ్గరి చుట్టం. అమెరికాలోని ఇండియానాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ పొందిన ఆ గాలి యంత్రం మొదట్లో ఇనుము కరిగించే కొలుములకు గాలి ఊదింది. ఆంహర్స్ట్ విలియర్స్ అదే పద్ధతిని బెంట్లీకి అమర్చాడు. మామూలుగా 110 గుర్రాల శక్తినిచ్చే నాలుగున్నర లీటర్ల ఇంజన్, పందెం కారులో 240 దాకా ఇచ్చింది. డబ్బు పెట్టింది డొరొతీ పాజెట్ అనే సంపన్నురాలు. కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి మాత్రం ఇది సుతరామూ ఇష్టం లేదు. బలం కావాలంటే ఇంజన్‌ను పెద్దది చేయాలి తప్ప బలవంతంగా గాలి కూరకూడదని ఆయన పట్టుదల.

ఆయన భయం ఉత్తది కాదు. ఇంజన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే ఒక్కో చుట్టుకు పట్టేది సెకనులో 50వ వంతు. పిస్టన్ పైకి చేరేదాకా ఆగి నిప్పు పెడితే, మంట అందుకునేలోపే అది కిందికి జారుకుంటుంది. అందుకని అది ఇంకా పైకి వస్తుండగానే ప్లగ్ నిప్పురవ్వ వేయాలి. దీన్నే మన మెకానిక్‌లు ‘అడ్వాన్స్’ అంటారు. బ్లోవర్ పెట్టాక ఈ లెక్క తప్పుతుంది. సిలిండర్‌లో కిక్కిరిసిన మిశ్రమం అప్పటికే వేడెక్కి ఉంటుంది. ప్లగ్ దగ్గర మొదలైన మంట మూలకు చేరకముందే, అక్కడ నలిగిపోతున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు టకటకమనే చప్పుడు. అదే నాకింగ్. పట్టించుకోకపోతే పిస్టన్ తలకు చిల్లు పడుతుంది.

కాబట్టి గాలి పెంచినకొద్దీ నిప్పును కాస్త ఆలస్యం చేయాలి. మరీ ఆలస్యమైతే మంట ఎగ్జాస్ట్ దాకా సాగి వాల్వులు మాడిపోతాయి. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నటి సందును ఆనాటి డ్రైవర్ చెవితో వెతుక్కునేవాడు. స్టీరింగ్ చక్రం నడుమ ఉన్న చిన్న లివర్‌ను వేలితో జరుపుతూ, ఇంజన్ గొంతు వింటూ. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా అపురూపంగా తోచేది ఆ వేలే. అంబాసిడర్ల కాలంలో మన మెకానిక్‌లూ అంతే: డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పి, ఎత్తు ఎక్కించి, చప్పుడు విని, మళ్లీ తిప్పేవాళ్లు.

నాకింగ్‌లో ఇంధనానిదే పెద్ద పాత్ర అని ఇంగ్లండ్‌లో హ్యారీ రికార్డో తేల్చాడు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోల్‌లో సీసం కలిపి దాన్ని అణిచాడు. ఇంజన్ శాంతించింది కానీ ఆ విషం దశాబ్దాల పాటు పిల్లల రక్తంలో చేరింది. అది క్షమించరాని మూల్యం. 1980లలో సాబ్ కంపెనీ ఇంజన్‌కే చెవి పెట్టింది: సెన్సర్ నాకింగ్ పసిగట్టగానే టర్బో ప్రెషర్ తగ్గేది. ఇప్పటి కార్లలో కంప్యూటరే టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది.

లే మాన్‌లో మెర్సిడెస్ ఆగిపోయింది. బ్లోవర్ బెంట్లీలూ ఆగిపోయాయి. గెలిచింది బ్లోవర్ లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ. బర్కిన్ మాత్రం వదల్లేదు. 1932లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌పై తన ఒంటిసీటు బ్లోవర్‌తో గంటకు 137.96 మైళ్ల వేగం అందుకుని రికార్డు పెట్టాడు. మరుసటి ఏడాదే కన్నుమూశాడు. ఆ రికార్డును 1934లో జాన్ కాబ్ చెరిపేశాడు. ఆయన కారులో ఉన్నది సుమారు 24 లీటర్ల విమానం ఇంజన్. దానికి బ్లోవర్ లేదు.