15వ అంతస్తు నుంచి వచ్చిన మెయిల్

2008 జూలై 26, శనివారం. సాయంత్రం ఆరున్నర దాటాక టీవీ చానళ్ల ఆఫీసులకు ఓ మెయిల్ వచ్చింది. 14 పేజీలు. పంపినవాళ్లు తమను తాము ఇండియన్ ముజాహిదీన్ అని చెప్పుకున్నారు. గుజరాత్ మీద పగ తీర్చుకుంటున్నామని, ఐదు నిమిషాల్లో చావు భయం చూపిస్తామని, చేతనైతే ఆపుకోమని అందులో సవాలు.

ఆపడానికి వ్యవధి ఎక్కడిది? అహ్మదాబాద్‌లో మణినగర్, బాపూనగర్ ఒకదాని వెనుక ఒకటి దద్దరిల్లాయి. గాయపడినవాళ్లను సివిల్ ఆస్పత్రికి మోసుకొస్తే అక్కడా బాంబు పేలింది. 70 నిమిషాల్లో 21 పేలుళ్లు, 56 మంది మృతులు, 200 మందికి పైగా క్షతగాత్రులు. హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగి అప్పటికి 11 నెలలే. టీవీ ముందు కూర్చున్న మనవాళ్లకు ఆ పొగ, ఆ అరుపులు కొత్త కావు.

దర్యాప్తు సంస్థలకు చేతికందిన మొదటి ఆధారం ఆ మెయిలే. దానికి ఓ ఐపీ అడ్రస్ ఉంది. ఆ అడ్రస్ ఎవరి కనెక్షన్‌దో సర్వీసు ఇచ్చే కంపెనీ చెప్పేసింది. నవీ ముంబై, సాన్‌పాడా, గునీనా అపార్ట్‌మెంట్స్, 15వ అంతస్తు. మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం (ఏటీఎస్) బృందం వెళ్లి తలుపు కొడితే తీసింది ఓ అమెరికన్. పేరు కెన్ హేవుడ్, వయసు 48. ఉద్యోగులకు మాటతీరు, నడవడిక నేర్పే శిక్షణ సంస్థలో పని. ఇంట్లో కంప్యూటర్లు, ఓ మూల వైఫై రౌటర్.

ఆ రౌటర్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఇంట్లో ఎన్ని ఫోన్లు, ఎన్ని ల్యాప్‌టాప్‌లు దానికి తగులుకున్నా బయటి ప్రపంచానికి కనిపించే అడ్రస్ ఒక్కటే. ఊరందరి ఉత్తరాలకూ ఒకే ఇంటి నంబరు వేసినట్టు. కంపెనీ దగ్గరుండే లెక్కలో ఆ ఇల్లు తెలుస్తుంది గాని, ఇంట్లో ఎవరు వాడారో, ఇంటి బయట మెట్ల మీద కూర్చుని ఎవరు వాడారో తెలియదు. పైగా వైఫై సిగ్నల్‌కు గోడలు పూర్తి అడ్డం కావు. కింద నిలబెట్టిన కారు దాకా, పక్క బిల్డింగు బాల్కనీ దాకా పోతుంది.

మెయిల్ నేను పంపలేదు, నా కనెక్షన్ ఎవరో వాడుకున్నారు అన్నాడు హేవుడ్. నిజమే చెప్పాడు. కానీ ఆ నిజం రుజువయ్యే దాకా అనుమానితుడు అతనే. కంప్యూటర్లు పట్టుకుపోయారు. లై డిటెక్టర్ పరీక్షకు కూర్చోబెట్టారు. దేశం దాటనివ్వొద్దని విమానాశ్రయాలకు లుకౌట్ నోటీసు వెళ్లింది. ఆగస్టు మధ్యలో అతను ఆ నోటీసు ఉండగానే ఢిల్లీలో విమానమెక్కి అమెరికా వెళ్లిపోయాడు. అప్పుడు రేగిన గగ్గోలు అంతా ఇంతా కాదు! తప్పు చేయనివాడు ఎందుకు పారిపోతాడని స్టూడియోల్లో తీర్పులిచ్చేశారు. సెప్టెంబరులో తనంతట తానే తిరిగొచ్చాడు. పేలుళ్లతో అతనికి సంబంధం లేదని పోలీసులు తేల్చారు.

ఈలోపు ఆ ముఠా ఆగలేదు. ఆగస్టు 23న ఇంకో మెయిల్. ఈసారి మాటుంగాలోని ఖాల్సా కాలేజీ నెట్‌వర్క్ నుంచి. సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ల వేళ మరొకటి, చెంబూరులోని ఓ కంపెనీ వైఫై నుంచి. మూడు మెయిళ్లు, మూడు చోట్లు. ఏ చోటి యజమానికీ ఏమీ తెలియదు. అక్టోబరులో ముంబై క్రైమ్ బ్రాంచ్ కొందరిని అరెస్టు చేసింది. అందులో ఒకడు పుణె సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. మెయిళ్లు పంపిన బృందానికి పెద్ద అతనేనని, తాళం వేయని వైఫై కోసం వీధులు గాలించేవాళ్లని పోలీసుల అభియోగం. హ్యాకింగ్ మెలకువల కోర్సు అతను మన హైదరాబాద్‌లోనే చేశాడని కూడా అప్పట్లో చెప్పారు. అహ్మదాబాద్ పేలుళ్ల కేసులో తీర్పు రావడానికి 2022 ఫిబ్రవరి పట్టింది. 49 మంది దోషులు, వాళ్లలో 38 మందికి ఉరిశిక్ష.

బాంబుల సంగతి అలా ఉంచండి. నాకు కొరుకుడుపడనిది ఆ మధ్యలోని చిన్న పని. ఒకడు ఇంకొకడి వైఫైని అడక్కుండా వాడుకున్నాడు. అది ఒక్కటే అయితే నేరమా?

ఆ రోజుకైతే, దాదాపు కాదు. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ఉంది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి గాని నెట్‌వర్క్‌లోకి గాని చొరబడితే నష్టపరిహారం కట్టాలంటుంది. పరిహారమే, జైలు లేదు. 66వ సెక్షన్‌లో జైలు ఉంది గాని, అప్పటి రూపంలో అది సమాచారాన్ని చెరిపినా, మార్చినా, దాని విలువ తగ్గించినా వర్తించే హ్యాకింగ్ సెక్షన్. ఊరికే నెట్ వాడుకుని పోయినవాణ్ని దాని కిందకు తేవడం కష్టం. ఆ చట్టం పుట్టకముందు, 2000 మేలో, ఢిల్లీలో ఓ సైనికాధికారి ఇంటికి కనెక్షన్ బిగించడానికొచ్చిన ఇంజినీరు లాగిన్, పాస్‌వర్డ్ పట్టుకుపోయి, ఆయన డబ్బు కట్టి కొనుక్కున్న గంటల్లో దాదాపు వంద గంటలు ఖర్చుపెట్టేశాడు. డయలప్ రోజులు, గంటల లెక్కన నెట్ కొనే కాలం. పోలీసులు చేసేది లేక ఐపీసీలోని మామూలు దొంగతనం సెక్షన్ 379 పెట్టారు. గంటలు పోయాయి కాబట్టి కనీసం పోయిందేమిటో చూపించగలిగారు. అన్‌లిమిటెడ్ ప్యాక్‌లో పోయిందేమిటని చూపిస్తాం?

2008 డిసెంబరులో, ముంబై దాడులు జరిగి నెల తిరక్కముందే, పార్లమెంటు ఐటీ చట్టాన్ని సవరించింది. 2009 అక్టోబరు 27 నుంచి అమలు. 43లోని ఏ పనినైనా కపటంతోనో మోసంతోనో చేస్తే 66 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడితే 66సి వేరే ఉంది. నెట్‌వర్క్ అంటే తీగే కానక్కర్లేదు, వైర్‌లెస్ కూడా. ఫోనైతే ఫర్వాలేదు, అది కంప్యూటర్ కాదుగా అనే వాదనను మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లోనే మూసేసింది. సెల్‌ఫోన్ లాక్ మార్చిన ఓ కేసులో, చట్టం దృష్టిలో సెల్‌ఫోనూ కంప్యూటరేనని తేల్చింది.

సరే, ఈ చట్టం మన వీధిలో ఎలా ఉంటుందో చూడ్డానికి కొత్తవలసకు వద్దాం. విశాఖ నుంచి అరకు పోయే దారిలో, కిరండూల్ రైలుమార్గం మెయిన్ లైన్ నుంచి చీలే చోట ఉన్న ఊరు. విశాఖ ఇటువైపు పెరుగుతున్న కొద్దీ ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. గోడకు గోడ, కిటికీకి కిటికీ. “పిన్నీ, మీ వైఫై పాస్‌వర్డేటి? మా గుంటడు రిజల్టు సూసుకోవాలట” అని పక్కింటావిడ అడిగితే మనవైపు లేదనేవాళ్లుంటారా? పిన్ని చెప్పింది, గుంటడు ఎక్కించుకున్నాడు. అది అనుమతే. వాడు తన నేస్తాలు నలుగురికి చెప్పాడు. అది అనుమతి కాదు. పిన్ని ఇచ్చింది ఒక్కడికి. అయినా జైలు సెక్షన్ అంటుకోవాలంటే కపటబుద్ధి, అంటే అక్రమ లాభమో ఎదుటివాడికి అక్రమ నష్టమో కలిగించే ఉద్దేశం, రుజువు కావాలి. తాళం లేని వైఫైకి ఫోను దానంతటదే తగులుకుంటే ఆ బుద్ధి ఎక్కడుంది? రాత్రంతా సినిమాలు దించుకుని, ఇంటావిడకు నెట్ ఆగిపోయేలా చేస్తే మాత్రం మాట వేరు.

బయటి దేశాలు ఇంత తటపటాయించలేదు. అడక్కుండా ఇతరుల వైఫై వాడిన 17 ఏళ్ల కుర్రాడికి సింగపూర్ కోర్టు 2007 జనవరిలో 18 నెలల ప్రొబేషన్ వేసింది. జర్మనీ ఇంకోవైపు నుంచి పట్టుకుంది. అక్కడ ఓ వైఫై యజమాని సెలవులకు ఊరెళ్తే, అతని కనెక్షన్ మీద ఎవరో ఓ పాటను హక్కుదారు అనుమతి లేకుండా నెట్‌లో పంచారు. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చుకోకపోవడం నీ తప్పేనని 2010లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం అంది, హక్కుదారు పంపిన హెచ్చరిక నోటీసు ఖర్చుకు అతను బాధ్యుడేనని తేల్చింది.

మన ఐటీ చట్టంలో ఇంటి వైఫైకి తాళం వేసుకోనివాణ్ని శిక్షించే సెక్షన్ లేదు. అయినా 2009 జనవరిలో ముంబై పోలీసులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వీధి వీధీ తిరిగి తెరిచి ఉన్న వైఫైలు వెతికారు, యజమానులకు నోటీసులిస్తామన్నారు. ఫిబ్రవరి 23న టెలికాం శాఖ సర్వీసు కంపెనీలకు ఉత్తర్వులిచ్చింది: వైఫై వాడేవాడెవడో తెలియకుండా కనెక్షన్ నడపొద్దని. రైల్వే స్టేషన్ వైఫై ఈనాటికీ మొబైల్ నంబరు, ఓటీపీ అడుగుతున్నది అందుకే.

ఇక కొత్తవలసలో ఎవరైనా నిజంగా ఫిర్యాదు చేయాలనుకుంటే దారి ఇదీ. జైలు కేసైతే దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గనివారే చేయాలి, బెయిలిచ్చే కేసే. పరిహారమైతే పోలీసులు, మామూలు కోర్టు కాదు. ఐదు కోట్ల లోపు దావాలన్నీ వినే అధికారి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. అంటే మన పిన్ని గుంటడి నేస్తాల మీద ఓ నెల వైఫై బిల్లు రాబట్టుకోవాలంటే అమరావతికి అర్జీ పెట్టుకోవాలి.